పేరు, ఊరు, సైకిలు

సైకిలు కొన్నారు. కొన్నాళ్లు కాలనీ చుట్టూ ఒక్కరే తొక్కారు. ఇక నలుగురితో కలిసి తొక్కాలనిపించింది. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు హైదరాబాద్‌లో నార్సింగి దగ్గర కలుస్తామని ఎవరో చెబితే వెళ్లారు. అక్కడ పదిహేను ఇరవై మంది. హెల్మెట్లు, రంగురంగుల జెర్సీలు, ఒకటే కబుర్లు. మీరు మాత్రం కాస్త ఎడంగా నిలబడి, టైరులో గాలి సరిపోయిందో లేదోనని మళ్లీ మళ్లీ నొక్కి చూసుకుంటున్నారు. ఇంతలో ఒకాయన వచ్చి, "కొత్తగా వచ్చారా? చెప్పండి మీ గురించి" అన్నాడు. మీ నోటి నుంచి ఏమొచ్చింది?

"ఏం లేదండీ, ఊరికే... ఇది మామూలు సైకిలేనండి."

ఎంతమంది ఇదే మాట అంటారో లెక్కలేదు. వినయంగానే ఉంది. కానీ ఇందులో మీ గురించీ ఏమీ తెలియలేదు, సైకిలు గురించీ తెలియలేదు. ఆయనకు మీ బయోడేటా అక్కర్లేదు. ఈ మనిషి ఎంత దూరం వస్తాడు? ట్యూబు పేలితే దగ్గర ఇంకోటి ఉందా? మధ్యలో వెనక్కి తిరుగుతానంటే ఎవరిని తోడు పంపాలి? ఇవీ ఆయన మనసులో తిరుగుతున్న ప్రశ్నలు. ఇరవై మందిని తీసుకెళ్లి ఇరవై మందినీ తిరిగి తీసుకురావలసినవాడు కదా, ఆయన బాధ ఆయనది.

ఇంకో సంగతి. మన మొహమాటం మనకు తెలియనిది కాదు. పెళ్లి పంక్తిలో రెండోసారి పెరుగు అడగడానికి అటూ ఇటూ చూసే జాతి మనది. అలాంటివాళ్లం ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర కాళ్లు పట్టేసినప్పుడు "కాసేపు ఆగుదామా" అని అడుగుతామా? అడగం. పళ్ల బిగువున తొక్కి, ఇంటికొచ్చి రెండు రోజులు మంచమెక్కి, ఇక ఆ గుంపు మొహం చూడం. బయల్దేరే ముందు అరనిమిషం సరిగ్గా మాట్లాడితే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. ఏం మాట్లాడాలో చూద్దాం.

1. నాలుగు ముక్కలు చాలు

పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఇప్పటిదాకా ఒక్క విడతలో ఎంత దూరం తొక్కారు, ఇవాళ ఎంత తొక్కాలనుకుంటున్నారు. అంతే. ఉదాహరణకి:

"నమస్తే అన్నా, నా పేరు ఫలానా. మణికొండ నుంచి వచ్చాను. ఇప్పటిదాకా ఒక్కడినే పాతిక కిలోమీటర్ల వరకు తొక్కాను. గుంపులో తొక్కడం ఇదే మొదటిసారి. ఇవాళ ముప్ఫై దాకా వస్తాను, తర్వాత వెనక్కి వెళ్లిపోతాను."

హైదరాబాద్‌లో 'అన్నా' అంటే అతికిపోతుంది. విజయవాడలోనో విశాఖలోనో 'అండీ' అంటే సుఖం. వయసులో పెద్దాయన కనిపిస్తే ఎక్కడైనా 'సార్' పనిచేస్తుంది, 'గురువుగారూ' అంటే ఇంకా బాగా పనిచేస్తుంది.

పై మాటల్లో అసలైనది "గుంపులో తొక్కడం ఇదే మొదటిసారి" అన్నది. చాలామంది దాచేది కూడా దాన్నే. అలవాటున్నవాళ్లు ముందు సైకిలు వెనక చక్రానికి మూరెడు దూరంలో తమ ముందు చక్రాన్ని నిలిపి తొక్కుతారు. గాలి దెబ్బ తగ్గుతుందని అలా చేస్తారు. ముందున్నవాడు గుంత చూసి హఠాత్తుగా బ్రేకు వేస్తే ఏమవుతుంది? అందుకే గుంత వస్తే చేత్తో కిందికి చూపిస్తారు, బండి వస్తే అరిచి చెబుతారు. ఈ సైగలు మీకు తెలియవని ముందే చెబితే ఎవరో ఒకరు రెండు నిమిషాల్లో నేర్పి, మిమ్మల్ని పక్కన పెట్టుకుని తొక్కుతారు. చెప్పకపోతే మీకూ తెలుసనే అనుకుంటారు.

ఉద్యోగం సంగతా? అడిగితే చెప్పండి. కంపెనీలో ఎంతమంది మీ చేతికింద పనిచేస్తారో ఎక్కుడులో ఎవరికీ ఉపయోగపడదు. డాక్టరో నర్సో అయితే మాత్రం తప్పకుండా చెప్పండి. ఆ రోజు నుంచి మీరు లేకుండా గుంపు కదలదు.

2. "మీ స్పీడెంత?"

ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. ఎప్పుడో ఫ్లైఓవరు దిగేటప్పుడు మీటరు మీద 38 కనిపించి ఉంటుంది. అది మనసులో అచ్చుపడిపోతుంది. "ముప్ఫై దాకా వెళ్తానండీ" అనేస్తారు. అబద్ధం కాదు, కానీ అడిగింది అది కాదు. గంటకు గంట, మాట్లాడుతూ తొక్కగలిగే వేగం ఎంతని ఆయన అడిగాడు.

మరి అదెలా తెలుస్తుంది? మీకు తెలిసిన దారిలో, పెద్దగా ఎత్తుపల్లాలు లేనిచోట, ఆగకుండా ఒక గంట తొక్కండి. పక్కన మనిషి ఉంటే ఆయాసపడకుండా కబుర్లు చెప్పగలిగేటంత మెల్లగా. గంటలో ఎన్ని కిలోమీటర్లు వెళ్లారో అదే మీ వేగం. 16 వచ్చిందా, 16 అనే చెప్పండి. 22 వస్తే 22. అంతకు మించి ఒక్క కిలోమీటరు కలిపినా ఆ అప్పు ఆ రోజే కాళ్లతో తీర్చాలి.

పదహారంటే నామోషీగా ఉందా? బ్రెవె అని సుదూర సైకిలు ప్రయాణాలు ఉన్నాయి. ప్యారిస్‌లోని ఒక పాత క్లబ్బు నియమాల ప్రకారం ప్రపంచమంతా జరుగుతాయి, మన దగ్గరా జరుగుతాయి. అందులో 200 కిలోమీటర్లకు ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. టిఫిను, టీ, పంక్చరు, చెట్టుకింద నడుము వాల్చడం అన్నీ ఆ సమయంలోనే. లెక్క వేసి చూడండి, గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. 600 కిలోమీటర్లకైతే 40 గంటలు. అవి పూర్తిచేసి వచ్చినవాళ్లు మీ పక్కనే నిలబడి "నేను నిదానమండీ" అంటూ ఉంటారు. వాళ్ల నిదానానికీ మన నిదానానికీ తేడా ఉంటుందనుకోండి, అయినా పదహారును చూసి నవ్వేవాళ్లలో వాళ్లు మాత్రం ఉండరు.

వేగంతో పాటు దారి కూడా చెప్పాలి. ఔటర్ రింగు రోడ్డు పక్కన సైకిలు ట్రాకు ఉంది కదా, 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల పొడవున మొదలైంది, పైన సోలారు పలకల కప్పు. ఎండ తగలదు, బళ్లు రావు, గుంతలు లేవు. అక్కడ 20 తొక్కినవాడు అదే ఊపులో చేవెళ్ల రోడ్డెక్కి, లారీలను తప్పించుకుంటూ, వికారాబాద్ దాటి అనంతగిరి ఎక్కుడు మొదలయ్యాక కూడా 20 అంటే నమ్మేదెవరు? విశాఖ బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్లేవాళ్లనడగండి, పోయేటప్పుడు ఒక లెక్క, ఎదురుగాలిలో వచ్చేటప్పుడు ఇంకో లెక్క. కాబట్టి "ట్రాకు మీద 20, ఎక్కుడుంటే 12కి పడిపోతాను" అనండి. ఈ ఒక్క మాటతో, లెక్క తెలిసిన మనిషని మీ గురించి అనుకుంటారు.

3. సైకిలు పేరు కన్నా టైరు మీది అంకెలు

ఇక సైకిలు. కంపెనీ పేరు, మోడలు, రంగు చెప్పి ఊరుకుంటారు చాలామంది. అవి కళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి. కనిపించనివి చెప్పండి. ముఖ్యంగా టైరు కొలత, వాల్వు రకం.

ఇప్పుడే లేచి వెళ్లి మీ టైరు పక్కభాగం చూడండి. దుమ్ము తుడిస్తే ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి. హైబ్రిడ్ సైకిలైతే 700x35 అనో, రోడ్డు సైకిలైతే 700x28 అనో ఉంటుంది. దాని పక్కనే చిన్నగా 28-622 లాంటి జత అంకెలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునేచోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. కొండదారుల సైకిళ్లలో 26 అంగుళాల దానికి ఈ రెండో అంకె 559, 27.5కి 584, 29కి 622. అంటే పైకి సంబంధం లేనట్టు కనిపించే 29, 700 టైర్లు రెండూ ఒకే రిమ్ము కొలతవి, వెడల్పులోనే తేడా. తాతల కాలం నుంచి వస్తున్న 28x1½ నల్ల సైకిలుది మాత్రం 635. దాని టైరు వీటిలో దేనికీ ఎక్కదు.

ఎందుకీ అంకెల గోల? మీ ట్యూబు పేలినప్పుడు, మీ దగ్గర ఇంకోటి లేనప్పుడు, గుంపులో ఎవరి ట్యూబు మీకు సరిపోతుందో బయల్దేరే ముందే తెలిసిపోతుంది, అందుకు.

వాల్వు కథ ఇంకోటి. మోటారు సైకిలుకు ఉండేలాంటి లావు వాల్వు ఒక రకం. సన్నగా, పొడుగ్గా, కొసన చిన్న నట్టుతో ఉండేది ప్రెస్టా, రోడ్డు సైకిళ్లలో ఎక్కువ. లోపల వాల్ట్యూబు రబ్బరు తొడిగే పాత రకం నల్ల సైకిళ్లది. చేవెళ్ల దాటాక ఏ ఊళ్లోనో పంక్చరు పడిందనుకోండి. అదృష్టం కొద్దీ పొద్దున్నే తెరిచిన షాపు దొరికింది, కంప్రెసరు కూడా ఉంది. కుర్రాడు గొట్టం తెచ్చి మీ ప్రెస్టా వాల్వుకు పెడితే అది పట్టదు. ఎటు తిప్పినా బుస్సుమంటుంది. బొటనవేలి గోరంత ఇత్తడి అడాప్టరు, ఆ వాల్వు కొసన బిగించేది, మీ దగ్గరుంటే అర నిమిషం పని. లేకపోతే ఆ కుర్రాడు మీ సైకిలును, మిమ్మల్ని మార్చిమార్చి చూసి, "ఇదేం సైకిలు సార్" అంటాడు. "నాది ప్రెస్టా, అడాప్టరు లేదు, ఎవరి దగ్గరైనా ఉందా?" అని బయల్దేరేముందు అడగడం పరిచయంలో భాగమే. పైగా సాయం అడిగినవాడితో మాట కలపడం ఎవరికైనా తేలిక.

మొత్తం కలిపితే ఇలా ఉంటుంది: "హైబ్రిడ్ అండీ, 700x35 టైర్లు, లావు వాల్వు. ఒక ట్యూబు తెచ్చుకున్నాను, పంపు ఉంది. టైరు విప్పడం మాత్రం సరిగ్గా రాదు." ఈ చివరి మాట అన్నందుకే ఇద్దరు ముగ్గురు మీ చుట్టూ చేరతారు, చూడండి.

గేర్లెన్నని ఎవరైనా అడిగితే చెప్పండి కానీ, అదేదో మార్కుల్లాగా ఎక్కువుంటే గొప్పనుకోకండి. 21 గేర్ల సైకిలంటే ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. ముందు ఒకటే పళ్లచక్రం ఉన్న సైకిళ్లు కొన్ని దానికి మూడు నాలుగింతల ధర పలుకుతున్నాయి ఇప్పుడు.

4. ధర

"ఎంత పడింది?" ఈ ప్రశ్న రాకుండా మన దగ్గర ఏ వస్తువూ పరిచయం కాదు. అడిగేవాడికి చెడ్డ ఉద్దేశం ఉండదు, చాలాసార్లు తనూ కొనాలనుకుంటూ ఉంటాడు. దాచనక్కర్లేదు. అంకె చెప్పేసి, వెంటనే మాటను తొక్కడం మీదికి తిప్పండి: "ఇరవై వేలు పడిందన్నా. రోజూ ఆఫీసుకు తొక్కుతున్నా, వెనక బ్రేకు ఒక్కటే తరచూ సరిచేయించాల్సి వస్తోంది. మీ దానికి ఎలా ఉంది?"

తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. పేరు చెప్పకముందే ధర చెప్పేవాళ్లు ఒక రకం. ఫ్రేము కార్బను, గేర్ల సెట్టు అల్టెగ్రా, సీటు ఇటలీది, ఇలా ఏకరువు పెడతారు. వినేవాళ్లలో సగంమంది సైకిలు చేత్తో పట్టుకుని మెల్లగా పక్కకు జరుగుతారు. రెండో రకం, తమ సైకిలు ధర చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు. "ఇప్పటికి ఇదండీ, త్వరలో మంచిది తీసుకుంటాను" అంటారు. ఎవరికి సంజాయిషీ ఇస్తున్నట్టు? ఏ సైకిలు మీద వచ్చారో ఆ సైకిలే ఆ రోజుకు మంచి సైకిలు. ఇంకోటి కొనేముందు దీని మీద వెయ్యి కిలోమీటర్లు తొక్కితే, ఏం కొనాలో మీకే తెలుస్తుంది. షాపువాడు చెప్పనక్కర్లేదు.

5. పాత సైకిలు తెచ్చారా?

అయితే మీ పని సులువు. మీరు పలకరించకపోయినా వాళ్లే వస్తారు. ముఖ్యంగా అట్లాస్ సైకిలైతే. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఉన్న అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న పని ఆపేసింది. ఆ రోజే ప్రపంచ సైకిలు దినం కావడం విధి ఆడిన ఆట. ఇప్పుడు హ్యాండిలు ముందు ఆ కంపెనీ గుర్తు చూస్తే చాలు, నలభై దాటినవాళ్లంతా ఆగి బెల్లు కొట్టి చూస్తారు. ఎవరి సైకిలు, ఎన్నేళ్లది, అటకమీది నుంచి దింపాక ఏం మార్పించారు, ఓవరాయిలింగ్ ఎవరు చేశారు, ఈ నాలుగూ చెప్పండి. పాత సైకిళ్ల బేరింగులు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించే మేస్త్రీ ఎక్కడున్నాడో తెలిస్తే ఆ చిరునామా కోసం జనం కాగితం, కలం వెతుక్కుంటారు.

కథ బాగానే ఉంటుంది కానీ పనికొచ్చే మాట మర్చిపోకండి. ఆ సైకిలుకు ఉండేది రాడ్ బ్రేకు, ఇనుప రిమ్ము. వానలో తడిస్తే మీరు ఎంత గట్టిగా నొక్కినా అది తాపీగానే ఆగుతుంది. "నాది రాడ్ బ్రేకు, మీ వెనక కొంచెం ఎడంగానే వస్తాను" అని ముందే చెప్పండి. ఎక్కుడులో వెనకబడటం కూడా ఖాయం, ఆ సైకిళ్ల బరువు అలాంటిది. అదీ చెప్పండి.

పాలు పోసేవాళ్లూ పేపరు వేసేవాళ్లూ ఇలాంటి సైకిళ్ల మీదే మనం నిద్రలేవకముందు రోజు పని సగం ముగించుకుంటారు. వాళ్లు తమను సైక్లిస్టులమని చెప్పుకోరు. ఏ ఆదివారమైనా మీ గుంపు ఎదురుగా అలాంటివాళ్లు వస్తే ముందుగా చెయ్యి ఎత్తాల్సింది జెర్సీ వేసుకున్నవాళ్లే.

6. ఒంటి సంగతి ఒక్కరికి చెప్పండి

బీపీ, షుగరు, ఉబ్బసం, పాత మోకాలి దెబ్బ లాంటివి అందరి ముందూ చెప్పనక్కర్లేదు. ఆ రోజు ముందుండి నడిపించేవారిని పక్కకు పిలిచి చెప్పండి. షుగరుంటే గ్లూకోజు ఏ జేబులో పెట్టుకున్నారో కూడా చెప్పండి. ఇంటివాళ్ల ఫోను నంబరు, రక్తం గ్రూపు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోనుకు తాళం వేసి ఉంటే లోపల నంబర్లెన్ని ఉన్నా ఏం లాభం?

7. ఫొటో, ఇల్లు

కొత్త సైకిలు ఫొటో గుంపులోవాళ్లకు పంపాలని ఉంటుంది, పంపండి. చైను ఉన్న వైపు, అంటే కుడివైపు నుంచి తీయండి. వెనక ఖాళీ గోడ ఉంటే గేర్లు, టైర్లు స్పష్టంగా కనిపిస్తాయి. అపార్టుమెంటు పేరు, ఫ్లాటు నంబరు ఫొటోలో పడకుండా చూసుకోండి. సైకిలును తలకిందులు చేస్తే పెడళ్ల ఇరుసు కింద చాలా సైకిళ్లకు ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది. దాని ఫొటో మీ ఫోనులో, కొన్న బిల్లు పక్కన ఉండాలి. అందరికీ పంచిపెట్టేది కాదు. సైకిలు పోతే పోలీసు స్టేషనులో మొదట అడిగేవాటిలో అదొకటి.

ఆడవాళ్లు పేరు, ఏ ప్రాంతమో చెబితే చాలు. ఇల్లు ఎక్కడ, రోజూ ఏ దారిలో, ఎన్నింటికి అన్నది పరిచయం బాగా కుదిరాక చెప్పొచ్చు, చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోకూడదు. మగవాళ్లకూ ఒక మాట. కొత్తగా వచ్చినావిడను "ఇంట్లో ఒప్పుకున్నారా?" అని అడక్కండి. మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదా.

8. వాళ్ల మాట అర్థం కాకపోతే

"ఇది నో డ్రాప్ రైడే, స్వీప్ వెనకుంటాడు" అంటారు. తలూపేయకండి, అడగండి. నో డ్రాప్ అంటే ఎవరినీ వదిలేసి పోరని. స్వీప్ అంటే అందరికన్నా చివర వచ్చే మనిషి. మీకు ఆ రోజు అందరికన్నా ముఖ్యమైనవాడు అతనే, కాబట్టి పేరు అడిగి తెలుసుకోండి, మీ పేరు చెప్పండి. మిగతావాళ్లందరి పేర్లూ ఒక్కరోజులో గుర్తుండవు, అక్కర్లేదు కూడా. తిరుగు దారిలో టీ కొట్టు దగ్గర అసలు పరిచయాలు ఎలాగూ జరుగుతాయి. చెమట ఆరేదాకా మనుషులు ఉన్నదున్నట్టు మాట్లాడతారు.

ఆ టీ దగ్గర ఒక జాగ్రత్త. కొత్తవాణ్ని కదా అని ఉబలాటపడి మొదటి వారమే అందరి డబ్బులూ మీరు ఇచ్చేయకండి, వచ్చేవారం వచ్చే కొత్తవాడికి ఇబ్బంది. మీ కప్పు డబ్బులు మీరు తీయండి. ఎవరైనా అప్పటికే ఇచ్చేసి ఉంటే "వచ్చే ఆదివారం నాది" అనండి. ఆ మాట అన్నాక శనివారం రాత్రి అలారం పెట్టుకోక తప్పదు.